ఆర్సీ లేని బండి

జాగ్రత్తగా దిగండి, ర్యాంపు తడిగా ఉంది. వాచ్‌మన్ ఇప్పుడే కార్లు కడిగి వెళ్లాడు. సెల్లార్ చివర, మోటారు గది పక్కన, ట్యూబ్‌లైటు కింద గోడకు ఆనించి ఉందే, అదే బండి. ఆదివారం పొద్దున్న ఆరున్నర దాటింది. ఎనిమిదికి కొనేవాళ్లు వస్తారు. తీరిగ్గా చూడాలంటే ఇప్పుడే చూడాలి. వాళ్లొచ్చాక నడిచేదంతా డబ్బు సంగతే.

ట్రెక్ డొమానే ఏఎల్ 3 రోడ్ సైకిలు. 2019లో కొన్నది. 56 సైజు, అల్యూమినియం ఫ్రేము, ముందు ఫోర్కు మాత్రం కార్బన్. స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు. అపార్ట్‌మెంటు పిల్లలు మొదట అడిగేది అదే: స్టాండు లేకపోతే ఎలా నిలబెడతారంకుల్? నిలబెట్టం, ఆనిస్తాం. ఒక చెయ్యి వేసి ఎత్తి చూడండి. మామూలు సైకిళ్లు ఎత్తిన అలవాటున్న చెయ్యి అనుకున్నదానికంటే ఓ జానెడు పైకి లేస్తుంది. బరువు 10 కిలోలకు కాస్త తక్కువ.

రాత్రి చైను కడిగాను. ఆ వాసన ఇంకా పోలేదు. అమ్మే ముందు బండిని కడగాలి గానీ మెరిపించకూడదని నా అభిప్రాయం. టైర్లకు నల్లరంగు పూసిన పాత కారును చూస్తే మనకేమనిపిస్తుంది? అదే అనుమానం సైకిలు మీదా వస్తుంది. పై గొట్టం మీద ఈ గీత చూడండి, బెత్తెడు పొడవు. వికారాబాద్ దగ్గర టీ కొట్టు బల్లకు ఆనిస్తే జారి పడింది. పైన రంగు పోయింది, కింద లోహానికి ఏమీ కాలేదు. వేలి గోరుతో గీకి చూడండి, అంచు తగలదు. పగులుంటే తగులుతుంది. "నా దగ్గర ఇదే రంగు గోళ్లపాలిష్ ఉంది, పూసెయ్యనా?" అని మా ఆవిడ సీసా కూడా తెచ్చింది. వద్దన్నాను. లోపాన్ని వాళ్లు కనిపెట్టకముందే మనం చూపిస్తే, చూపించనివి లేవని నమ్ముతారు. కప్పిపెట్టిన ఒక్కటి బయటపడితే, లేనివి కూడా వెతకడం మొదలుపెడతారు.

ఇప్పుడు వెనక చక్రం గాల్లోకి ఎత్తుతాను. మీరు ఒక చేత్తో పెడల్ తిప్పుతూ, కుడి బ్రేక్ లివర్ వెనకున్న ఈ చిన్న రేకును లోపలికి నొక్కండి. టక్. చైను చిన్న పళ్లచక్రం మీదికి దిగింది. ఇప్పుడు బ్రేక్ లివర్నే పక్కకు నెట్టండి. పెద్దదాని మీదికి ఎక్కింది. ఈ 'టక్' కోసమే నేను పెట్టిన డబ్బంతా.

కొన్నప్పుడు దీనికి ఉన్నవి సోరా గేర్లు. షిమానో వాళ్ల రోడ్ బైకు సామాన్లలో క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్ అని మెట్లున్నాయి. పందేలకు పోని మనిషి ఆగాల్సిన మెట్టు 105. అక్కడి నుంచి పైకి పెట్టే ప్రతి రూపాయీ ఎక్కువగా గ్రాములు తగ్గించడానికే పోతుంది, ఆ గ్రాములు మన పొట్ట మీద తగ్గించుకుంటే ఉచితం. నేను వేయించింది 2018లో వచ్చిన ఆర్7000 105. లివర్లు, చైనును పక్కకు జరిపే డిరైలర్లు, పెడళ్లను మోసే క్రాంకు, వెనక పళ్లచక్రాల గుత్తి అయిన కాసెట్టు. వెనక 9 పళ్లచక్రాలు ఉన్నచోట ఇప్పుడు 11 ఉన్నాయి, అన్నిటికన్నా పెద్దదానికి 34 పళ్లు. ఎందుకు మార్చారని ఎవరైనా అడిగితే అనంతగిరి కొండలు ఎక్కడానికని చెబుతాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆదివారం సైకిలు గుంపులో అందరి బళ్లూ టక్కుమంటుంటే నాది కరక్కుమనేది.

టైర్లు కాంటినెంటల్ జీపీ5000, 28 మిల్లీమీటర్లవి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 25ల మీద తిరిగినంత కాలం మన రోడ్ల మీద ప్రతి అతుకూ మోచేతుల్లో లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది. హ్యాండిల్ టేపు కొత్తది. హ్యాండిల్‌ను ఫోర్కుతో కలిపే స్టెమ్ పొట్టిది వేయించాను. అది సోకు కోసం కాదు, మెడ కోసం. అమ్మకానికి కారణం కూడా ఆ మెడే. సెర్వైకల్ నొప్పి ఉన్నవాడు డ్రాప్ హ్యాండిల్ మీద గంటల తరబడి వంగి, తల పైకెత్తి రోడ్డు చూడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

సీటు చూసి అడుగుతారేమో. ఇది కంపెనీ సీటే, నిన్ననే మళ్లీ బిగించాను. దీని మీద ఉండాల్సిన బ్రూక్స్ బీ17 తోలు సీటు పైన అల్మారాలో ఉంది. ఇంగ్లండులో బ్రూక్స్ 1866లో మొదలైంది, బీ17 అనే ఆ నమూనా 1890ల నుంచి వస్తోంది. తోలు మెల్లగా కూర్చునేవాడి ఎముకలకు తగ్గట్టు గుంట పడుతుంది. నా గుంటలో ఇంకొకడు కూర్చుంటే వాడికి సుఖం ఉండదు. కాబట్టి సీటు అమ్మను. క్లిప్ పెడళ్లూ అమ్మను, వాటి బూట్లు నా కాళ్లవి.

ఇక లెక్క. బండి ఖరీదు 80 వేల చిల్లర. ఆపైన పెట్టింది 60 వేలకు అటూఇటూ. బిల్లులన్నీ ఈ ఫైల్లో ఉన్నాయి. నేను చెబుతున్న ధర 65 వేలు. అంత రాదని నాకూ తెలుసు.

పాత సైకిలు కొనేవాడు ముందు ఫ్రేము చూస్తాడు, తర్వాత ఏ సంవత్సరం మోడలని అడుగుతాడు, ఆ రెంటిని బట్టి మనసులో ఒక అంకె వేసుకుంటాడు. ఆ తర్వాత మనం ఎన్ని సామాన్ల పేర్లు చెప్పినా ఆ అంకె మీద ఓ పదివేలు పెరిగితే గొప్ప. దానికి తోడు ఇది రిమ్ బ్రేకుల బండి. 12 గేర్ల కొత్త 105లో షిమానో రిమ్ బ్రేకుల రకమే తేలేదు, అంతా డిస్కే. మార్కెట్ ఎటు పోయిందో అర్థమైంది కదా. 2020, 21ల్లో కరోనా రోజుల్లో కొత్త బైకుల కోసం షాపుల్లో నెలల తరబడి పేర్లు రాయించుకున్నారు. అప్పుడు అమ్మి ఉంటే పాతదానికీ కొత్త ధరే వచ్చేది. ఆ రోజుల్లో కొన్న బళ్లు ఇప్పుడు బాల్కనీల్లోంచి దుమ్ము దులుపుకొని అమ్మకానికి దిగుతున్నాయి.

"విడదీసి అమ్మరా, ఇరవై వేలు ఎక్కువొస్తాయి" అని స్నేహితుడొకడు పోరుపెట్టాడు. పాత సోరా మళ్లీ బిగించి బండి ఒకరికి, 105 ఒకరికి, టైర్లు ఒకరికి. లెక్క తప్పు కాదు. కానీ ముగ్గురితో మూడు బేరాలు, మూడు పార్సిళ్లు. పైగా బాగా కుదిరిన బండిని పట్టుకుని ఊడదీసి, ఎవరికీ పూర్తిగా ఇవ్వకుండా ముక్కలు పంచడానికి నా చేతులు రాలేదు. వాడికి ఈ రెండో కారణం చెప్పలేదు. చెబితే నవ్వుతాడు.

వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టిన గంటకే మెసేజీలు. "లాస్ట్ ప్రైస్?" అన్నవాడు బండి చూడలేదు. "గేర్ సైకిలేనా?" అన్నవాడు ఫొటో చూడలేదు. ఒకాయన ట్రెడ్‌మిల్లుతో మార్పిడి చేద్దామన్నాడు. ఐదడుగుల ఐదంగుళాల కుర్రాడొకడు డబ్బు సిద్ధంగా పెట్టుకుని వచ్చాడు, చెప్పిన ధరకే తీసుకుంటానన్నాడు. ఎక్కించి చూశాను. కాళ్లు ఎలాగో అందాయి, చేతులు మాత్రం పూర్తిగా చాచేశాడు. 52 సైజు చూసుకోమని చెప్పి పంపేశాను. మా ఆవిడ ఆ రోజంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. బాల్కనీ ఖాళీ అవుతుందని ఎదురుచూస్తోంది మరి.

అదిగో, స్ప్లెండర్ చప్పుడు. వచ్చారు.

ముందు కొడుకు. ఇంజినీరింగ్ అయి ఉద్యోగంలో చేరిన వయసు, ఐదడుగుల పదంగుళాలు ఉంటాడు. బండిని చూడగానే నడక వేగం పెరిగింది. వెనక తండ్రి. ఆర్టీసీ డిపోలో మెకానిక్. చేతిలో క్యారీబ్యాగు. అందులో ఏముందో ఇప్పుడే తెలీదు.

"నమస్తె సార్. మావోడు నెల నుంచి ఇదే పాట. నాకైతే ఈ సైకిళ్లు తెల్వయి. బేరింగు మాత్రం ఏ బండికైనా బేరింగే గదా."

గీత చూపించాను. క్రాంకు దగ్గర బేరింగు సన్నగా గరగరమంటోందని కూడా చెప్పాను. ఆయన తలూపి, క్యారీబ్యాగులోంచి ఒక స్టీలు స్కేలు, ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు. మీరు కాస్త ఇటు జరగండి, ఇది దగ్గర్నుంచి చూడాలి.

స్క్రూడ్రైవరు కొసను క్రాంకు పక్కన బేరింగు గిన్నెకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. "తిప్పురా మెల్లగ." కొడుకు పెడల్ తిప్పుతున్నాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు. సెల్లార్‌లో మోటారు ఆగి ఉంది, చుట్టూ నిశ్శబ్దంగానే ఉంది. కుడివైపు, ఎడమవైపు, మళ్లీ కుడివైపు. "రైట్ సైడ్ది పోయింది సార్. లెఫ్ట్ మంచిగున్నది. నీళ్లు వోయినయి." గరగర వస్తోందని నాకు తెలుసు గానీ, ఏ పక్క నుంచో ఇప్పటిదాకా తెలీదు. రెండూ కలిపే మార్చాలి, అది వేరే సంగతి.

తర్వాత స్కేలు. చైను మీద పెట్టి, ఒక పిన్ను మధ్యకు సున్నా ఆనించి, 12 అంగుళాల దగ్గర చూశాడు. సైకిలు చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం. 24 పిన్నులు దాటితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అరిగే కొద్దీ సాగుతుంది. 12 దాటి పదహారో వంతు అంగుళం పోయిందంటే మార్చే సమయం వచ్చినట్టు. అలాగే తొక్కితే కాసెట్టు పళ్లు కూడా తినేస్తుంది, చైనుకంటే అది ఖరీదు. ఈ కొలత ఆయనకు ఎవరు నేర్పారని అడిగాను. "చైను చైనే గదా సార్, అరిగితె సాగుతది. గీ కొలత రాత్రి ఫోన్ల సూసుకున్న." పిన్ను 12 మీదే కూర్చుంది. చైను వేసి ఎక్కువ రోజులు కాలేదు.

ముందు బ్రేకు పట్టి, రెండో చెయ్యి ఫోర్కు తిరిగే బేరింగు, అంటే హెడ్‌సెట్ మీద వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపాడు. వేళ్లకు ఆట తగలలేదు. బస్సు కింగ్‌పిన్ను చూసేది కూడా ఇలాగే ఊపి అట. వెనక చక్రం తిప్పి రిమ్ముకూ బ్రేకు రబ్బరుకూ మధ్య సందు గమనించాడు. బెండు లేదు. చువ్వల్ని ఒక్కొక్కటే వేలితో మీటుతూ వచ్చాడు. కొడుకు కంగారుపడ్డాడు: "డాడీ, ఎడమ పక్కవన్నీ లూజుగున్నయ్." లూజు కాదు. వెనక చక్రంలో కుడిపక్క కాసెట్టుకు చోటివ్వాలి కాబట్టి ఆ పక్క చువ్వలు నిటారుగా, బిగువుగా ఉంటాయి. ఎడమ పక్కవి ఏటవాలుగా, తక్కువ బిగువుతో ఉంటాయి. ఏ పక్కకాపక్కే పోల్చాలి. నేను నోరు తెరిచేలోపే ఆయన కొడుక్కి ఈ మాటే చెప్పాడు. ఎడమ పక్కనే ఒక్క చువ్వ దగ్గర ఆగాడు. మళ్లీ మీటాడు. ధ్వని మందంగా ఉంది. చువ్వల తాళం తెచ్చి పావు చుట్టు బిగించాను. మళ్లీ మీటి, "ఇప్పుడు కలిసింది" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో ఈ బండిని ఇంత శ్రద్ధగా చూసిన మెకానిక్ లేడు.

తొక్కి చూడ్డానికి పంపేటప్పుడు అవతలివాళ్ల బైకు తాళమో ఫోనో మన దగ్గర పెట్టుకోవాలని సైకిలోళ్లంతా చెబుతారు. ఇక్కడ తండ్రే ఉన్నాడు కాబట్టి ఆ గొడవ లేదు. కుర్రాడు గేటు దాటి ఔటర్ వైపు పోయాడు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న తెరిచారు. నార్సింగి నుంచి కొల్లూరు వైపు సాగే ముక్క మాకు దగ్గర. మనం గేటు దగ్గర నిలబడదాం. వాచ్‌మన్ కుర్చీ తెచ్చాడు, పెద్దాయన కూర్చోలేదు.

"ఎందుకమ్ముతున్నరు సార్?"

మెడ సంగతి చెప్పాను.

"మావోనిది కూడ పట్టుకుంటదా మరి?"

వాడి వయసుకు పట్టుకోదు, సైజు కుదిరితే అసలే పట్టుకోదు అన్నాను. వాడికి ఈ సీజన్లో బ్రెవే చేయాలని ఉందట. పందెం కాదు. 200 కిలోమీటర్లు, 13 గంటల 30 నిమిషాల్లోపు ముగించాలి, దారిలో సాయం చేసేవాళ్లెవరూ ఉండరు. పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. "బస్సుల పోతె నాలుగు గంటలు" అన్నాడు చివరికి.

"ఎంతకిస్తరు ఇగ, ఆఖరి మాట?"

"65 అని చెప్పానండి."

"40కి చేస్కుందం."

బేరంలో ఆయన తెచ్చిన ఆయుధం నేను ఊహించలేదు. "కొత్త సైకిళ్ల మీద జీఎస్టీ దించిండ్రు గద సార్. కొత్తదే తగ్గితె పాతదెట్ల పెరుగుతది?" మాట నిజమే. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. బిల్లుల ఫైలు తెరిచి 105 ఖరీదు చూపించబోయాను. ఆయన చూడనైనా చూడలేదు. "అది మీ శోకు సార్. శోకుకి పైసలు నేనెట్ల కడ్త? బండి మంచిగుంచిండ్రు, దానికి కడ్త."

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఉన్నా చెప్పేవాణ్ని కాదేమో.

కుర్రాడు తిరిగొచ్చాడు. చెమట, చెవుల దాకా నవ్వు. అది చూడగానే తండ్రి మొహం ముడుచుకుంది. బేరం మధ్యలో కొడుకు ఇలా నవ్వితే ఏ తండ్రికైనా రెండు వేలు నష్టం. "అన్నా, మస్తుంది. కానీ హ్యాండిల్ కొంచెం దగ్గరనిపించింది." అనిపిస్తుంది, ఆ పొట్టి స్టెమ్ నా మెడకోసం వేసింది. కంపెనీ స్టెమ్ పైన అట్టపెట్టెలో ఉంది. తెచ్చి మార్చాను. బోల్టులు ఎంతెంత బిగించాలో స్టెమ్ మీదే రాసి ఉంటుంది, 5 న్యూటన్ మీటర్లు. ఆ కొలత చూపించే టార్క్ రెంచితో బిగించాను. పెద్దాయన రెంచిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బేరమంతటిలో ఆయన మనసు పడింది ఆ ఒక్క వస్తువు మీదే అనుకుంటా. అది అమ్మకానికి లేదు.

మళ్లీ ఎక్కించాను. పక్కనుంచి మీరూ చూడండి. మోకాలు కొంచెం వంగి, మోచేతులు కొంచెం మడిచి, భుజాలు చెవుల దాకా లేవకుండా. కుదిరింది.

చివరికి తెగిన ధర 54 వేలు. డబ్బాతో సహా. ఆ అట్టపెట్టెలో పాత సోరా సామాను మొత్తం ఉంది. 9 గేర్ల బండి ఉన్నవాడెవడైనా కొంటాడని నేను విడిగా అమ్ముకుందామనుకున్నాను. "స్పేర్ పార్ట్ ఇడిసిపెట్టి ఎట్ల పోత సార్" అని పెద్దాయన డబ్బాను స్ప్లెండర్ ట్యాంకు మీద పెట్టేశాడు. క్రాంకు బేరింగు ఖర్చు కూడా ఆ 54లోనే కోసేశాడు.

కుర్రాడికి చెప్పాల్సినవి చెప్పాను. ట్యూబు వాల్వు సన్నది, ప్రెస్టా రకం. వీధి పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు, కాబట్టి ఈ చిన్న ఇత్తడి అడాప్టరు ఎప్పుడూ సంచిలో ఉండాలి. ఎడమ పెడల్ మర అందరి మరల్లా కాదు, తిరగబడి ఉంటుంది. బిగించబోయి ఊడదీయకు. వానాకాలం ముందూ తర్వాతా సీటు గొట్టం బయటికి లాగి గ్రీజు రాయి, లేకపోతే చెమటకూ వాన నీళ్లకూ అల్యూమినియం అల్యూమినియాన్ని పట్టేస్తుంది, తర్వాత ఎవరూ లాగలేరు. చైను 11 గేర్లదే వెయ్యి. వాడు ఫోనులో రాసుకున్నాడు. తండ్రి రాసుకోలేదు, తలూపాడు.

ఫోనులో డబ్బు పడ్డాక పెద్దాయన అడిగాడు: "ఆర్సీ, ఇన్సూరెన్స్ ఏం లేవా సార్ దీనికి?" లేవు. సైకిలుకు మన దగ్గర రిజిస్ట్రేషనే లేదు. బండి మీదని చెప్పడానికి ఉన్నది దుకాణం బిల్లు ఒక్కటే. అందుకే నేను అసలు బిల్లు ఇచ్చి నకలు ఉంచుకున్నాను. బండిని తిరగేసి, క్రాంకు కింద ఫ్రేము మీద చెక్కి ఉన్న సీరియల్ నంబరు ముగ్గురం చూశాం. ఒక తెల్లకాగితం మీద ఆ నంబరు, తేదీ, మొత్తం, ఇద్దరి పేర్లు రాసి సంతకాలు పెట్టాం.

పాత బండి కొనబోయేవాళ్లు బిల్లూ సీరియల్ నంబరూ తప్పక చూడండి. బిల్లు చూపించలేనివాడి బండిని గానీ, కింద సీరియల్ నంబరు గీకేసి ఉన్న బండిని గానీ ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. మీకు తెలిసిన బేరింగు మెకానిక్ ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లకు నష్టమే గానీ, మీకు మాత్రం లాభం.